నల్లమలలో పోలీసు వైర్‌లెస్: గస్తీ వాహనం, యాంటెన్నా, కొండ

పోలీసు గస్తీ వాహనంలో వైర్‌లెస్ అనగానే కంటికి కనిపించేవి డ్యాష్‌బోర్డు కింద బిగించిన సెట్టు, మెలికల వైరుకు వేలాడే మైకు. మాట ఎంత దూరం పోతుందో తేల్చేవి మాత్రం అవి కావు. పైకప్పు మీది యాంటెన్నా, దాన్ని సెట్టుకు కలిపే కేబుల్, వాహనం బ్యాటరీ, ఎక్కడో కొండ మీద నిలబడి మాటను అందుకుని తిరిగి పంపే రిపీటర్ కలిసి ఆ పని చేస్తాయి. డబ్బు ఖర్చయ్యేది సెట్ల మీద. మాట తెగిపోయేది చాలాసార్లు యాంటెన్నా మొదట్లోనో, కేబుల్ చివరి కనెక్టర్ దగ్గరో. ఈ సంగతి పరిశీలించడానికి నంద్యాల జిల్లా తగిన చోటు. చదునైన పొలాలు, జాతీయ రహదారి, పెద్దపులులు తిరిగే అడవి, లోతైన నదీలోయ, లక్షల మంది చేరే పుణ్యక్షేత్రం అన్నీ ఒకే జిల్లాలో ఉన్నాయి. ఒక్కో చోట వైర్‌లెస్ ఒక్కో తీరుగా పలుకుతుంది, ఒక్కో తీరుగా మొరాయిస్తుంది.

2022 ఏప్రిల్ 4న పాత కర్నూలు జిల్లా నుంచి విడివడి నంద్యాల జిల్లా ఏర్పడింది. పడమట ఎర్రమల, తూర్పున నల్లమల, నడుమ కుందూ లోయ. నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాలు ఈ లోయలో, సముద్రమట్టానికి 200 మీటర్ల ఎత్తుకు అటూ ఇటూగా ఉన్నాయి. నల్లమలలో గుండ్లబ్రహ్మేశ్వరం ఎత్తు 903 మీటర్లు. శ్రీశైలం ఆ కొండల ఉత్తర కొసన, కృష్ణ లోయ అంచున ఉన్న పీఠభూమి మీద ఉంది. మ్యాపు మీద గీత గీస్తే నంద్యాల నుంచి శ్రీశైలం 80 కిలోమీటర్ల లోపే. ఆత్మకూరు, దోర్నాల మీదుగా పోయే రోడ్డు దానికి రెట్టింపు. పైగా ఆ రోడ్డు దోర్నాల దగ్గర జిల్లా దాటి వెళ్లి మళ్లీ జిల్లాలోకి వస్తుంది. ఆళ్లగడ్డ నుంచి శ్రీశైలానికి గీత దాదాపు 110 కిలోమీటర్లు. రేడియో తరంగం రోడ్డు వెంట పోదు, గీత వెంట పోతుంది. ఆ గీతకు అడ్డంగా ఒకదాని వెనుక ఒకటిగా కొండ వరుసలు నిలబడి ఉన్నాయి. జిల్లా కేంద్రంలోని కంట్రోల్ రూమ్‌కు, శ్రీశైలం ఘాట్‌లో తిరిగే గస్తీ వాహనానికి మధ్య ఉన్న అసలు సమస్య ఇదే.

పోలీసు వాహనంలో రేడియో పెట్టడం అమెరికాలో మొదలైంది. 1928లో డెట్రాయిట్ పోలీసులు కార్లలో రిసీవర్లు పెట్టి నడిపారు. అప్పుడు స్టేషన్ చెప్పేది కారులో వినిపించేది, కారు నుంచి బదులు చెప్పే వీలు లేదు. 1933లో న్యూజెర్సీలోని బేయాన్ పట్టణంలో కారు నుంచి కూడా మాట్లాడే ఏర్పాటు వచ్చింది. అవన్నీ ఏఎం సెట్లు. ఇంజను స్పార్క్ ప్లగ్గుల గరగర, ఉరుముల చప్పుడు మాటతో కలిసి వినిపించేవి. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన ఎఫ్‌ఎం పద్ధతి ఆ బాధను తీర్చింది. కనెక్టికట్ రాష్ట్ర పోలీసుల కోసం ప్రొఫెసర్ డేనియల్ నోబుల్ 1940లో రాష్ట్రమంతా పనిచేసే ఎఫ్‌ఎం వ్యవస్థను తయారుచేశాడు. కొండల రాష్ట్రం కావడంతో ఆయన కేంద్రాలను ఎత్తైన చోట్లకు ఎక్కించాడు. నగరం కోసం పుట్టిన పోలీసు రేడియో కొండదారుల గస్తీకి పనికొచ్చింది అక్కడే. నల్లమలలో ఈనాటికీ నడిచేది ఆ సూత్రమే.

భారతదేశంలో పోలీసు వైర్‌లెస్ సమన్వయ సంస్థ 1946లో కేంద్ర హోంశాఖ కింద ఏర్పడింది. మొదటి దశాబ్దాల్లో రాష్ట్ర రాజధానికి, జిల్లా కేంద్రాలకు మధ్య సమాచారం హెచ్‌ఎఫ్ మీద, ఎక్కువగా మోర్స్ కోడ్‌లో నడిచేది. ఆపరేటర్ చెవిన పడిన టక్కుటిక్కులను కాగితం మీద అక్షరాలుగా దించి అధికారికి అందించేవాడు. వాహనాల్లో ఉండి నోటితో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ సెట్లు తరువాత జిల్లాల్లోకి వచ్చాయి. పోలీసు అయినా సరే, ఏ ఫ్రీక్వెన్సీ పడితే అది వాడటానికి వీల్లేదు. కేంద్రం కింద 1952లో ఏర్పడిన వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం కేటాయించిన వాటినే వాడాలి. టవర్ ఎత్తుకూ చోటుకూ వేరే అనుమతి కావాలి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కింద దశాబ్దాలుగా నడిచిన ఈ ఏర్పాటు స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది.

పోలీసు వాడుకలో మూడు రకాల తరంగాలున్నాయి. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా హెచ్‌ఎఫ్. 136 నుంచి 174 దాకా జిల్లా పోలీసులు ఎక్కువగా వాడే వీహెచ్‌ఎఫ్. 400 దాటితే యూహెచ్‌ఎఫ్. తరంగం పొడవు తెలియాలంటే 300ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లలో వస్తుంది. 150 మెగాహెర్ట్జ్ దగ్గర అది 2 మీటర్లు. అందులో పావు వంతు, అంటే 50 సెంటీమీటర్లు, వాహనం మీది మామూలు యాంటెన్నా పొడవు. యూహెచ్‌ఎఫ్ యాంటెన్నా జానెడే ఉంటుంది, భవనాల సందుల్లో బాగా దూరుతుంది. కానీ ఆకులూ కొమ్మలూ దాన్ని తొందరగా మింగేస్తాయి, కొండ కొసను దాటి అవతలికి వంగడమూ తక్కువే. అందుకే నగరానికి యూహెచ్‌ఎఫ్ ఎంత నప్పుతుందో, నల్లమలకు వీహెచ్‌ఎఫ్ అంత నప్పుతుంది. వానలు పడి అడవి చిగిర్చినప్పుడు వీహెచ్‌ఎఫ్ కూడా కొంత బలహీనపడుతుంది. ఎండాకాలంలో సిగ్నల్ అందిన చోట శ్రావణంలో అందకపోవడానికి సెట్టు పాడైపోవడమొక్కటే కారణం కానక్కర లేదు.

కాలిఫోర్నియా హైవే పెట్రోల్ కొండ రహదారుల కోసం చాలాకాలం 42 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని తక్కువ వీహెచ్‌ఎఫ్‌ను నమ్ముకుంది. అక్కడ పావు తరంగం యాంటెన్నా దాదాపు 1.8 మీటర్లు. ఆ కార్ల వెనుక ఊగే పొడవాటి కడ్డీలు వాటి గుర్తుగా ఉండేవి. తక్కువ ఫ్రీక్వెన్సీ కొండల మీదుగా బాగా వంగుతుంది, అందుకు మూల్యం పొడవైన యాంటెన్నా. హెచ్‌ఎఫ్‌లో ఈ చిక్కు ఇంకా పెద్దది. 5 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం 15 మీటర్లు. జీపు మీద అంత కడ్డీ నిలవదు. కాయిల్ పెట్టి పొట్టి చేస్తే శక్తిలో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. అయినా హెచ్‌ఎఫ్‌కు ఒక గుణం ఉంది. రెండు చెట్ల మధ్య తీగ తక్కువ ఎత్తులో కట్టి పంపితే తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకెళ్లి, అయనోస్ఫియర్ నుంచి తిరిగి వందల కిలోమీటర్ల మేర నేల మీద పడుతుంది. అడ్డొచ్చే కొండలతో దానికి పనిలేదు. నడిచే వాహనానికి ఇది కుదరకపోయినా, అడవిలో మకాం వేసిన దళానికి బాగా పనికొచ్చే పద్ధతి.

వీహెచ్‌ఎఫ్ దాదాపు చూపు మేర నడుస్తుంది. నేల గుండ్రంగా ఉండటం వల్ల ఆ మేరకు ఒక హద్దు ఉంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో చూపు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. నేల నుంచి 2 మీటర్ల ఎత్తున ఉన్న వాహనం యాంటెన్నాకు అది 6 కిలోమీటర్ల లోపే. పోలీసు స్టేషన్ మీద 30 మీటర్ల మాస్టు ఉంటే దాని వాటా 22, 23 కిలోమీటర్లు. రెండూ కలిపితే 28. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ మ్యాపు మీద 40 కిలోమీటర్ల లోపు. చదునైన లోయ అయినా నేరుగా వాహనంతో మాట్లాడటం కష్టం. అదే యాంటెన్నాను లోయకు 400 మీటర్ల పైనున్న కొండ మీద పెడితే దాని ఒక్కదాని చూపే 82 కిలోమీటర్లు. కుందూ లోయ దాదాపు మొత్తం దాని కిందికి వస్తుంది.

సెట్టు వాట్లు పెంచితే దూరం పెరుగుతుందన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. లెక్క దాన్ని బలపరచదు. నేలకు దగ్గరగా ఉన్న రెండు యాంటెన్నాల మధ్య చదును నేల మీద సిగ్నల్ దూరపు నాలుగో ఘాతం చొప్పున తగ్గుతుంది. చేతిలోని వాకీటాకీ 5 వాట్లు, వాహనం సెట్టు 25 వాట్లు. శక్తి ఐదు రెట్లు పెరిగినా దూరం ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది. యాంటెన్నా ఎత్తును రెట్టింపు చేస్తే వాట్లను నాలుగు రెట్లు చేసినంత ఫలం దక్కుతుంది, అదీ పంపడంలోనూ వినడంలోనూ. పెంచిన వాట్లు వినడానికి ఏ మాత్రం సాయం చెయ్యవు. గస్తీ వాహనానికి కంట్రోల్ రూమ్ మాట స్పష్టంగా వినిపిస్తూ, దాని మాట మాత్రం కంట్రోల్ రూమ్‌కు అందకపోవడం, లేదా దీనికి తలకిందులు కావడం, ఈ అసమానత వల్లనే జరుగుతుంది. కొనుగోలు కాగితాల్లో వాట్ల గడి తప్పకుండా ఉంటుంది. యాంటెన్నా ఎక్కడ, ఏ ఎత్తున, ఎలా బిగించాలన్న గడికీ అంతే ప్రాధాన్యం ఉండాలి.

పావు తరంగం కడ్డీ ఒంటరిగా పూర్తి యాంటెన్నా కాదు. దాని కింద ఉన్న లోహపు పైకప్పు రెండో సగంగా పనిచేస్తుంది. బొలెరో వంటి గట్టి టాపు వాహనంలో పైకప్పు నడిమధ్యన కడ్డీ నిలబెడితే అన్ని దిక్కులకూ సమానంగా సిగ్నల్ పోతుంది. పాతకాలపు గుడ్డ టాపు జీపుల్లో ఆ లోహం లేదు. అందుకే కడ్డీని బంపరుకో, వెనుక పక్కకో బిగించేవారు. వాహనం శరీరమే ఒక దిక్కుకు అడ్డుపడేది. ముందు బంపరు మీద కడ్డీ ఉన్న జీపు కొండ వైపు తిరిగితే ఒక రకంగా, వెనుదిరిగితే మరో రకంగా పలకడానికి కారణమిదే. ఇప్పటి వాహనాల్లో పైకప్పు నడుమ చోటును ఎర్ర, నీలం దీపాల బార్ ఆక్రమించింది. దాంతో యాంటెన్నా అంచుకు జరుగుతుంది. కొత్త వాహనానికి రంధ్రం వెయ్యడం ఇష్టం లేక అయస్కాంతపు అడుగుతో అంటించడమూ మామూలే. అది తేలిక, కానీ లోహంతో నేరుగా కలవదు, ఘాట్ మలుపుల్లో వెదురు కొమ్మ తగిలితే జారిపోతుంది. ఎనిమిదింట అయిదు వంతుల తరంగం పొడవున్న యాంటెన్నా, అంటే సుమారు 1.2 మీటర్ల కడ్డీ, శక్తిని నేల మట్టం వైపు ఎక్కువ వంచి పంపుతుంది. నంద్యాల, కోవెలకుంట్ల వైపు చదును నేల మీద దానికి సాటి లేదు. రిపీటర్ నడినెత్తి మీది కొండపై ఉండి, వాహనం లోయలో ఉంటే మాత్రం పొట్టి కడ్డీయే మేలు. సిగ్నల్‌ను పైకి కూడా పంపుతుంది. ఘాట్‌లో కొమ్మలు తగిలే దారులకు అడుగున స్ప్రింగు ఉన్న పావు తరంగం కడ్డీ అన్ని విధాలా సరైన ఎంపిక.

వాకీటాకీ ఉంటే వాహనం సెట్టు దేనికన్న ప్రశ్న తరచూ వస్తుంది. వాకీటాకీ రబ్బరు యాంటెన్నా పొట్టిది, దాని కింద పైకప్పు వంటి లోహపు ఆధారం లేదు, మనిషి శరీరం సిగ్నల్‌ను పీల్చుకుంటుంది. దాన్ని వాహనం లోపల పట్టుకుని మాట్లాడితే ఇనుప గది మధ్య నుంచి మాట్లాడినట్టే. అద్దాల గుండా పోయిందే పోయింది.

కేబుల్ గురించి ఎంత చెప్పినా తక్కువే. సన్నని 50 ఓమ్ కేబుల్‌లో ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర 5 మీటర్లకు దాదాపు ఒక డెసిబెల్, అంటే శక్తిలో ఐదో వంతు పోతుంది. ఇది మంచి కేబుల్ లెక్క. నంద్యాల ఎండలో తొడుగు పగిలి, తొలకరిలో కనెక్టర్‌లోకి నీరు చేరి, లోపలి రాగి జడ పచ్చబడితే నష్టం ఎన్నో రెట్లవుతుంది. తలుపు సందులో నలిగిన కేబుల్‌దీ అదే దారి. యాంటెన్నా సరిగ్గా లేకపోతే పంపిన శక్తిలో కొంత వెనక్కి వస్తుంది. స్టాండింగ్ వేవ్ నిష్పత్తి 2 ఉంటే 11 శాతం, 3 ఉంటే 25 శాతం తిరిగి వచ్చినట్టు. ఆధునిక సెట్లు తమను తాము కాపాడుకోవడానికి అప్పుడు వాట్లు తగ్గించేస్తాయి. ముందున్న దీపం వెలుగుతూనే ఉంటుంది, మాట్లాడేవాడికి ఏమీ తెలియదు, అవతల మాత్రం ఎవరికీ వినపడదు. వాట్‌మీటరు మధ్యలో పెట్టి చూడటం ఐదు నిమిషాల పని. వాహనం సర్వీసింగుకు వెళ్లినప్పుడల్లా ఇంజన్ ఆయిల్ చూసినట్టే దీన్నీ చూడాలి.

విద్యుత్తు సంగతి కొంచెమే. 25 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు ఆరు నుంచి ఎనిమిది ఆంపియర్లు లాగుతుంది, వినేటప్పుడు అర ఆంపియర్ లోపు. వైరు నేరుగా బ్యాటరీ నుంచి ఫ్యూజుతో రావాలి. లైటర్ సాకెట్ నుంచి తీస్తే వోల్టేజి పడిపోయి మాట ముద్దగా మారుతుంది. చవక ఎల్‌ఈడీ దీపాలు, సైరన్ యాంప్లిఫయర్లు, ఫోన్ చార్జర్లు వీహెచ్‌ఎఫ్‌లో గరగర పుట్టిస్తాయి. దీపాల బార్ వేసిన మరుక్షణం దూరపు స్టేషన్ వినపడకుండా పోతే నేరం రిపీటర్‌ది కాదు. బేతంచెర్ల, బనగానపల్లె వైపు క్వారీల్లో విద్యుత్ డిటొనేటర్లు పెట్టిన చోటుకు దగ్గరగా వాహనం సెట్టు నొక్కకూడదన్నది మరో ముఖ్యమైన జాగ్రత్త. ఆ తీగలే యాంటెన్నాగా మారి డిటొనేటర్‌ను పేల్చే ప్రమాదం ఉంది. పేలుడు పదార్థం ఉందన్న అనుమానంతో వెళ్లిన చోటా ఇదే నియమం.

కొండ ప్రాంతంలో వాహనం ఎంత బాగున్నా రిపీటర్ లేనిదే పని జరగదు. రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో విన్నదాన్ని అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీలో ఎక్కువ బలంతో తిరిగి పంపుతుంది. కొండకు ఇటు పక్క ఉన్న జీపు, అటు పక్క ఉన్న స్టేషన్ రెండూ శిఖరాన్ని చూడగలిగితే చాలు, ఒకదానికొకటి కనిపించనక్కర లేదు. పంపే బలమైన తరంగం తన రిసీవర్‌నే చెవిటిదాన్ని చెయ్యకుండా డ్యూప్లెక్సర్ అనే ఫిల్టర్ రెంటినీ వేరుచేస్తుంది. దారినపోయే చప్పుడుకు తెరుచుకోకుండా ప్రతి సెట్టూ మాటతో పాటు వినిపించని ఒక టోన్ పంపుతుంది. శిఖరం మీద రిపీటర్ పెట్టడం కన్నా దాన్ని బతికించడం కష్టం. కరెంటు లైన్ అందదు, సోలార్ పలకలు, బ్యాటరీలే దిక్కు. ముసురు పట్టిన రోజుల్లో చార్జింగ్ అందదు. ఎత్తు కాబట్టి పిడుగుకు అదే ముందు దొరుకుతుంది. కోతులు తీగలు తెంపుతాయి. పులుల అభయారణ్యం కాబట్టి కొత్త గది కట్టాలన్నా, దారి వెయ్యాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. ఇక్కడ పెట్టే ప్రతి రూపాయి జిల్లాలోని అన్ని వాహనాలకూ ఒకేసారి మేలు చేస్తుంది. అయినా వాహనాల కొనుగోలుకు దొరికినంత తేలికగా శిఖరం మీది బ్యాటరీ మార్పుకు నిధులు దొరకకపోవడం అన్యాయం.

శ్రీశైలం చుట్టూ చూస్తే ఈ సూత్రాలన్నీ నేల మీద కనిపిస్తాయి. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు దాదాపు 50 కిలోమీటర్లు. వన్యప్రాణుల కోసం మామూలు రోజుల్లో రాత్రి 9 నుంచి తెల్లవారి 6 దాకా చెక్‌పోస్టులు మూసేస్తారు. ఆ దారిలో పెద్ద భాగాన సెల్‌ఫోన్ సిగ్నల్ లేదు. లోయ మడతలో ఆగిన బస్సు దగ్గర నుంచి సాయం పిలవాలంటే గస్తీ వాహనం ఒక మలుపు వెనక్కో ముందుకో వెళ్లి శిఖరం కనిపించే చోట నిలబడాల్సి రావచ్చు. అనుభవమున్న డ్రైవర్లకు ఏ రాయి దగ్గర మాట అందుతుందో తెలుసు. ఆ తెలివి ఆ డ్రైవర్ బదిలీతో పోకుండా మ్యాపుగా రాసి పెట్టాలి. వరుసగా ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా మాట్లాడి, వినిపించిందా లేదా అని నమోదు చేస్తే రెండు రోజుల్లో ఆ మ్యాపు తయారవుతుంది.

సుండిపెంట దిగువన ఆనకట్ట దగ్గర చిక్కు మరో రకం. కృష్ణ అక్కడ నిలువు గోడల మధ్య పారుతుంది. పీఠభూమి మీద బాగా అందే సిగ్నల్ లోయ అడుగుకు దిగేసరికి తెగిపోతుంది. పాతాళగంగ మెట్లు దిగిన కానిస్టేబుల్ వాకీటాకీదీ అదే గతి. ఇలాంటి చోట పై అంచున నిలబెట్టిన వాహనం మధ్యవర్తిగా ఉపయోగపడుతుంది. వాహనంలోని చిన్న రిపీటర్ కింది వాకీటాకీ మాటను అందుకుని, వాహనం పెద్ద యాంటెన్నా ద్వారా ముందుకు పంపుతుంది. కాలిఫోర్నియా హైవే పెట్రోల్ అధికారులు కారు దిగి నడిచేటప్పుడు ఈ పద్ధతే వాడతారు. శివరాత్రికి, ఉగాదికి ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా వేలాది భక్తులు అడవిలో నడిచి వస్తారు. వాహనం పోగలిగిన చివరి చోట ఇలాంటి ఒక సెట్టు ఉంటే, దప్పికతో పడిపోయిన మనిషి కబురు గంటలు కాదు, నిమిషాల్లో చేరుతుంది.

శివరాత్రి బందోబస్తులో దూరం కన్నా రద్దీ పెద్ద సమస్య. మామూలు అనలాగ్ చానల్‌లో ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఈల తప్ప ఏమీ వినపడదు. ట్రాఫిక్, ఆలయ క్యూలైన్లు, పాతాళగంగ ఘాట్లు, పార్కింగ్ అన్నిటికీ వేర్వేరు చానళ్లు ఇస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది. పక్కపక్క చానళ్లు ఒకదాన్నొకటి నొక్కకుండా యాంటెన్నాల మధ్య దూరం ఉంచాలి. ఆళ్లగడ్డ వైపు అహోబిలం బందోబస్తు ఇంకో తీరు. దిగువ అహోబిలం కొండల పాదాల దగ్గర, ఎగువ అహోబిలం కొండల సందులో. సంక్రాంతి తర్వాత స్వామి పల్లకి నెలన్నర దాకా పల్లెపల్లెకూ తిరిగే పారువేటలో బందోబస్తు కూడా కదులుతూనే ఉంటుంది. అక్కడ వాహనం సెట్టే కంట్రోల్ రూమ్.

రోజువారీ పాలనలోనూ వీహెచ్‌ఎఫ్‌కు పెద్ద చోటుంది. జిల్లా ఎస్పీ తన స్టేషన్లన్నిటితో ఒకేసారి మాట్లాడే సెట్ కాన్ఫరెన్స్ ఆంధ్ర పోలీసు జీవితంలో స్థిరపడిన అలవాటు. ఫ్యాక్షన్ కాలంలో ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల చుట్టూ పల్లెల్లో పెట్టిన పికెట్లకు రాత్రి పూట బయటి లోకంతో సంబంధం సెట్టు ఒక్కటే. ఫోన్ ఒకరికే చెబుతుంది. సెట్టు మీది మాట పక్క స్టేషన్ వాహనానికీ, సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కూ ఒక్కసారే తెలుస్తుంది. ఎవరూ పిలవకముందే దగ్గర్లోని వాహనం కదలడానికి ఆ వినికిడే కారణం.

ఆ వినికిడిలోనే ప్రమాదమూ ఉంది. అనలాగ్ వీహెచ్‌ఎఫ్ మాట సరైన రిసీవర్ ఉన్న ఎవరికైనా వినిపిస్తుంది. నల్లమలలో మావోయిస్టుల బలం ఉన్న రోజుల్లో వారు స్కానర్లతో పోలీసు సెట్ల మాటలు వినేవారు. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ దళాలు అడవిలోకి మ్యాన్‌ప్యాక్ సెట్లు మోసుకెళ్లినా, అవసరం లేనిదే నోరు విప్పకపోవడం, చోట్లకు మారుపేర్లు వాడటం అలా అలవాటైంది. 2004 అక్టోబరులో శాంతిచర్చల కోసం మావోయిస్టు నేత రామకృష్ణ తదితరులు బయటికి వచ్చింది ఈ నల్లమల నుంచే. ఇప్పుడు అడవిలో మావోయిస్టు దళాలు లేవు. కానీ ప్రముఖుల రాక, నిందితుల తరలింపు వంటి విషయాలు బహిరంగ చానల్‌లో పలకడం ఇప్పటికీ సరికాదు.

2009లో నెల వ్యవధిలో జరిగిన రెండు ఘటనలు ఈ ప్రాంతపు సమాచార వ్యవస్థ బలహీనతను బయటపెట్టాయి. సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలి ఐదుగురూ మరణించారు. ఉదయం సంబంధం తెగింది. శిథిలాలు కనిపించింది మర్నాటి ఉదయం. వెతకడానికి సుఖోయ్ విమానాలూ వచ్చాయి. విమానాలు మాట్లాడే బ్యాండు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా, పోలీసు వీహెచ్‌ఎఫ్‌కు పక్కనే ఉంటుంది, అదీ చూపు మేర నడిచేదే. కొండల వెనుక తక్కువ ఎత్తుకు దిగితే అది కూడా తెగిపోతుంది. అడవిలో కాలినడకన వెతికే బృందాలకూ అదే కొండ అడ్డు. అక్టోబరు 2న కృష్ణ, తుంగభద్ర వరదకు కర్నూలు మునిగింది. శ్రీశైలం జలాశయానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. కరెంటూ ఫోన్లూ ఆగిపోయాయి. సొంత బ్యాటరీ, సొంత టవర్ ఉన్న రేడియోకు బయటి సంస్థ మీద ఆధారపడాల్సిన అవసరం ఉండదు. దాన్ని వదులుకోకూడదు అనడానికి ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

సెల్‌ఫోన్ వచ్చాక పోలీసు పని చాలావరకు దాని మీదికి మారింది. అత్యవసర నంబరు 112కు వచ్చిన పిలుపు వాహనంలోని టాబ్లెట్ మీద చిరునామాతో సహా కనిపిస్తుంది, వాహనం ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది. జాతీయ రహదారి మీద నంద్యాల, ఆళ్లగడ్డ మధ్య ఇది నిజంగా గొప్ప సౌకర్యం. ఆత్మకూరు దాటి అడవిలోకి పోయాక జీపీఎస్ పనిచేస్తూనే ఉంటుంది, ఆ వివరాన్ని కేంద్రానికి మోసే నెట్‌వర్క్ మాత్రం ఉండదు. సెల్ ద్వారా నడిచే పుష్ టు టాక్ పరికరాలకూ అదే పరిమితి. పోల్‌నెట్ ఉపగ్రహ వ్యవస్థ స్టేషన్లను, కేంద్రాలను కలుపుతుంది కానీ కదిలే జీపు మీద దాని డిష్ నిలవదు.

డిజిటల్ రేడియోల సంగతి వేరు. 2010 కామన్‌వెల్త్ క్రీడల సమయంలో ఢిల్లీలో టెట్రా వ్యవస్థ వచ్చింది. అది దట్టమైన నగరానికి, చాలా టవర్లకు తగినది. జిల్లాలకు ఎక్కువ నప్పేది డీఎంఆర్. అది 12.5 కిలోహెర్ట్జ్ చానల్‌ను కాలం ప్రకారం రెండుగా చీలుస్తుంది కాబట్టి ఒక రిపీటర్ మీద రెండు సంభాషణలు నడుస్తాయి, మాటను గుప్తంగా పంపవచ్చు, ప్రమాద బటన్ నొక్కితే ఎవరు నొక్కారో తెలుస్తుంది, రిపీటర్ ద్వారానే జీపీఎస్ వివరం చేరుతుంది. శివరాత్రి రద్దీకి ఇవన్నీ విలువైనవే. ఒక్క లోపం మాత్రం కొండల్లో పట్టించుకోవాలి. అనలాగ్ సిగ్నల్ బలహీనపడేకొద్దీ గరగర పెరుగుతుంది, అయినా చెవి మాటను ఏరుకుంటుంది. డిజిటల్ మాట హద్దు దాకా శుభ్రంగా వినిపించి, హద్దు దాటగానే పూర్తిగా మాయమవుతుంది. చెడిపోయిన కేబుల్, అంచుకు జరిపిన యాంటెన్నా ఉన్న వాహనంలో డిజిటల్ సెట్టు పెడితే పాత సెట్టు కన్నా తక్కువ చోట్లే పలకవచ్చు. అందుకే మార్పు శిఖరం నుంచి, యాంటెన్నాల నుంచి మొదలై చివరికి సెట్ల దాకా రావాలి. అత్యవసర సేవలకు ప్రత్యేక బ్రాడ్‌బ్యాండ్ గురించి టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో సిఫారసులు చేసింది. అలాంటిది వచ్చినా అడవి దారులకు చేరేది చివరనే కాబట్టి వీహెచ్‌ఎఫ్‌ను అప్పటిదాకా నిలుపుకోవాల్సిందే.

హద్దుల చిక్కు మరొకటి. శ్రీశైలం ఆనకట్ట ఒక గట్టు నంద్యాల జిల్లాలో, మరో గట్టు తెలంగాణలోని నాగర్‌కర్నూల్ జిల్లాలో. 2014 తర్వాత ఈ గట్టు పోలీసులూ, ఈగలపెంట వైపు పోలీసులూ రెండు రాష్ట్రాల వారు. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు రేగి తొమ్మిది మంది మరణించారు. అలాంటి రాత్రి రెండు వైపుల వాహనాలూ ఒకే చానల్‌లో మాట్లాడుకోగలగాలి. ప్రతి సెట్టులోనూ రిపీటర్ అక్కర్లేని ఒక ఉమ్మడి నేరు చానల్ ముందుగానే నింపి ఉంచితే చాలు. దానికి పెద్ద ఖర్చేమీ లేదు, రెండు ప్రభుత్వాల అంగీకారం, కేటాయింపు విభాగం అనుమతి కావాలి. దోర్నాల వైపు పక్క జిల్లాతోనూ, మన్ననూరు రోడ్డులో అటవీ చెక్‌పోస్టులతోనూ ఇలాంటిదే అవసరం. రిపీటర్ పడిపోయిన రోజున ఒకే లోయలో ఉన్న రెండు వాహనాలు మాట్లాడుకోవడానికీ ఆ నేరు చానలే ఆధారం. దాన్ని ఏ మీట నొక్కి ఎంచుకోవాలో ప్రతి డ్రైవర్‌కూ నేర్పాలి.

ఇవన్నీ చూసుకునేది కమ్యూనికేషన్స్ విభాగపు ఎస్‌ఐలు, హెడ్ కానిస్టేబుళ్లు, కానిస్టేబుళ్లు. కంట్రోల్ రూమ్‌లో షిఫ్టుల ఉద్యోగం చేస్తూనే శిఖరాలు ఎక్కి బ్యాటరీలు మార్చాల్సింది వాళ్లే. వారి పనికి ఈ ప్రాంతపు కాలచక్రమే షెడ్యూల్. తొలకరికి ముందు ప్రతి వాహనం కనెక్టర్లూ విప్పి, తుడిచి, నీరు చొరని టేపు చుట్టాలి. శిఖరం మీది పిడుగు రక్షణ తీగను, భూమిలోకి పోయే కడ్డీని పరీక్షించాలి. వానలు వెలిశాక ఘాట్‌లో కిలోమీటరు రాళ్ల వెంట మళ్లీ మాట్లాడి చూడాలి. శివరాత్రికి పది రోజుల ముందు చానళ్లన్నీ ఒకేసారి నడిపి, ఏది దేన్ని నొక్కుతోందో పాతాళగంగ నుంచి కైలాసద్వారం దాకా తేల్చుకోవాలి. చైత్రం దాటి ఎండ ముదిరాక మూసిన వాహనాల్లో వేడెక్కిన సెట్లు వాట్లు తగ్గిస్తున్నాయేమో మీటరు పెట్టి చూడాలి.